తనిఖీకి సర్దిన ఇల్లు

పుల్లమ్మ అసలు పేరు పుల్లమ్మ కాదు. చిన్నప్పుడు గాలేస్తే ఎగిరిపోయేట్టు ఉండేదని మేనత్త చీపురుపుల్ల అని పిలిచింది. ఆ మేనత్త పెట్టిన పేర్లు జీడిమరకల్లాంటివి, ఓ పట్టాన పోవు. చీపురుపుల్ల కాస్తా పుల్లమ్మ అయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చి, ఒళ్ళు కాస్త నిండి, సముద్రాలు దాటి పరాయి దేశంలో హోటల్లో ఉద్యోగం చేస్తున్నా సరే, ఫోన్ చేస్తే చాలు, అటునుంచి అక్క అనే మొదటి మాట "ఏమే పుల్లమ్మా, తిన్నావా?" అనే.

హోటల్లో ఆమె పని గదులు సర్దడం. మనం చుట్టాలొచ్చే ముందు హడావిడిగా సర్దే సర్దుడు లాంటిది కాదది. నిన్న ఈ గదిలో ఎవరో పడుకున్నారని, స్నానం చేశారని, పోట్లాడుకున్నారని ఇవాళ వచ్చేవాడికి అనుమానమైనా రాకూడదు. దిండు మీద వెంట్రుక, గ్లాసు అంచున పెదవి మరక, పరుపు మీద మనిషి ఒత్తిన గుంట, అన్నీ పోవాలి. పనంతా అయ్యాక పుల్లమ్మ గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని, కిటికీ వెలుతురికి ఎదురుగా దుప్పటి మీద ముడతలున్నాయేమో చూసేది. ఒక్కటి కనపడినా మళ్ళీ మొదటికే. ఆమె సర్దిన గదిలో ఇంతవరకు ఎవరూ తుమ్మి కూడా ఉండరని సూపర్‌వైజరు అనేవాడు. పుల్లమ్మ ఆ మాటని మెప్పుగానే తీసుకునేది.

తర్వాత మొగుడైన మనిషి పరిచయమైంది కూడా దుప్పట్ల వల్లే. సామాన్ల లిఫ్టు ఆగిపోతే బాగు చెయ్యడానికి మెకానిక్కు వచ్చాడు. ఆ దేశం మనిషే. యాభైకి దగ్గర పడ్డాడు, బట్టతల, నెమ్మది మాట. పుల్లమ్మ ఉతికిన దుప్పట్ల బండితో లిఫ్టు ముందు నిలబడి ఉంది. ఆయన లోపల్నుంచి బయటికి వస్తూ, తూలిపడకుండా చెయ్యి ఎక్కడ వేశాడయ్యా అంటే, సరిగ్గా ఆ తెల్లటి దొంతర మీద. గ్రీజు చెయ్యి. అయిదు వేళ్ళూ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. పుల్లమ్మ అచ్చ తెలుగులో కడిగి పారేసింది. ఆయనకి ఒక్క ముక్క రాకపోయినా విషయం మొత్తం బోధపడింది. ఆ దుప్పట్లు ఇంటికి పట్టుకెళ్ళి, ఉతికి, మర్నాడు తెచ్చాడు. మరక పోలేదు సరికదా, ఇంకాస్త పాకింది. తెచ్చినాయన మొహం చూశాక పుల్లమ్మకి రెండోసారి తిట్టడానికి నోరు రాలేదు.

కొన్ని నెలల తర్వాత అక్కకి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"ఏం చేస్తాడే?" అంది అక్క.

"లిఫ్టులు బాగు చేస్తాడు."

"మనవాళ్ళు కాదా?"

"మనవాళ్ళెవరూ ఇక్కడ లిఫ్టులు బాగు చెయ్యట్లేదక్కా."

"మంచివాడేనా?"

"నా వల్ల కాదు అనకుండా దుప్పట్లు ఉతికి తెచ్చాడు."

"మీ బావ ఇన్నేళ్ళలో చేతిరుమాలు ఉతికిన పాపాన పోలేదు," అంది అక్క. "చేసుకో."

అలా అయింది పెళ్ళి. రిజిస్ట్రారు ఆఫీసులో రెండు సంతకాలు, ఒక ఫొటో. సాక్షిగా హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ వచ్చింది. ఆవిడదీ పరాయి దేశమే, పుల్లమ్మది కాని ఇంకో దేశం. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేది ఆ దేశం భాషలోనే. ఒకసారి ఫోన్లో వెనకనుంచి వాళ్ళ మాటలు విని, అదే తెలుగులో అయితే ఏమని పిలుస్తావే అని అక్క కూపీ లాగింది. నువ్వు అంటానని చెప్పేసరికి అక్క నోరు నొక్కుకుంది. "ఇక్కడి భాషలో నువ్వూ మీరూ ఒకటేనక్కా," అంది పుల్లమ్మ. "అయితే పైకి ఏదైనా అను, మనసులో మాత్రం మీరు అనుకో," అని అక్క తీర్పు చెప్పింది.

పుల్లమ్మ పనివాళ్ళ బస ఖాళీ చేసి ఆయన ఫ్లాటుకి మారింది. చిన్న ఫ్లాటు. ఒక ముందు గది, ఒక పడకగది, ఇద్దరు నిలబడితే ముగ్గురు అనిపించే వంటిల్లు. పడకగదిలో గోడకి రెండు తలుపుల బీరువా. ఆమె వస్తోందని ఆయన ఎడమవైపు అరలోంచి తన పనిముట్లన్నీ తీసేసి, లోపల శుభ్రంగా కాగితం పరిచి, తలుపు తీస్తే వెలిగేట్టు ఒక చిన్న దీపం కూడా బిగించాడు. అది చేసినన్ని రోజులు ఆ గదిలోకి ఆమెని రానివ్వలేదు. చూపించాక "ఇది నీది" అన్నాడు. చాలా బాగుందని పుల్లమ్మ అంది. ఆడవాళ్ళ అర కదా అని ఆయన మళ్ళీ దాని జోలికి పోలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆమె ఆ దేశంలో ఉండటానికి ఇచ్చిన అనుమతి హోటల్ ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతోంది. పెళ్ళయిన ఏడాదికి హోటలు చేతులు మారింది. కొత్త యజమాని, పరాయి దేశాలవాళ్ళకి అనుమతులు ఇప్పించే తలనొప్పి తనకి వద్దన్నాడు. ఇక మిగిలిన దారి ఒక్కటే, మొగుడి తరఫున ఉండే అనుమతి. అది వస్తే ఆయనతో ఉంటుంది. రాకపోతే పెట్టె సర్దుకుని విమానం ఎక్కాలి. మధ్యేమార్గం లేదు.

అడిగిన కాగితాలన్నీ ఇచ్చారు. కానీ ఆఫీసువాళ్ళకి అనుమానం పట్టుకుంది. పట్టుకోదూ మరి. ఉద్యోగం ఊడేవేళకి మొగుడి పేరు చెప్పుకుని వచ్చిన మనిషి, వయసులో తేడా, పెళ్ళికి వచ్చినవాళ్ళు ఒక్కరు. ఉన్న ఒక్క ఫొటోలో మొగుడూ పెళ్ళాం మధ్య మూడో మనిషి హాయిగా పట్టేంత ఖాళీ. పుల్లమ్మ వాళ్ళింట్లో ఫొటో అంటే అలాగే దిగుతారు. నలుగురూ చూసే చోట మొగుడి భుజం మీద చెయ్యి వేస్తే మేనత్త బతకనిచ్చేదా? ఆ సంగతి ఆఫీసువాళ్ళకి ఎవరు చెప్తారు? ఇద్దర్నీ వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. పొద్దున్నే ముందు ఎవరు లేస్తారు, టీలో పంచదార ఎవరికి ఎక్కువ, ఇంట్లో కర్టెన్లు ఏ రంగు. కర్టెన్ల రంగు ఆయన చెప్పలేకపోయాడు. ఏ మగవాడు చెప్తాడు గనక. చివరికి, ఇల్లు చూడాలి, ఈ వారంలో ఏదో ఒక రోజు పగటిపూట మనిషి వస్తుంది అని చెప్పి పంపారు.

ఇస్త్రీ ఆవిడ ఇలాంటివి చాలా చూసింది. ఆవిడ దగ్గర పుల్లమ్మ గట్టి శిక్షణ తీసుకుంది. "అనుమతి రాకపోతే ఏం చేస్తావని అడుగుతారు," అంది ఇస్త్రీ ఆవిడ. "ఆయన లేకపోతే బతకలేనని చెప్పు. ఏడుపొస్తే ఇంకా మంచిది." పుల్లమ్మకి అడగ్గానే ఏడవడం చేతకాదు. అయినా ప్రయత్నిస్తానంది. ఇల్లెలా ఉంచాలని అడిగితే ఇస్త్రీ ఆవిడ తేలిగ్గా, "ఎప్పుడూ ఉన్నట్టే ఉంచు," అంది.

ఆ ఒక్క మాటే పుల్లమ్మ బుర్రకి ఎక్కలేదు. సాక్షాత్తూ ప్రభుత్వమే ఇంటికి వస్తుంటే ఎప్పుడూ ఉన్నట్టు ఎవరైనా ఉంచుతారా? పక్కింటావిడ చేబదులు పంచదారకి వస్తేనే కుర్చీ మీద బట్టలు మంచం కిందకి పోయే ఇంట్లో పెరిగిన పిల్ల. దానికి తోడు హోటల్ ఉద్యోగం. ఫోన్లో అక్క ఇంకాస్త ఎగదోసింది. "గుమ్మంలో చెప్పులు కనపడకూడదు. మీ ఆయన లుంగీలు, అదే, ఆయన కట్టుకునేవి ఏవైతే అవి దండెం మీద ఉండకూడదు. కొత్త కప్పులు తియ్యి." ఇలాంటి విషయాల్లో అక్కాచెల్లెళ్ళది ఎప్పుడూ ఒకటే మాట.

సోమవారం నుంచి మొదలెట్టింది. ఏ రోజు వస్తారో తెలియదు కాబట్టి రోజూ సర్దాలి. ఆయన బూట్లు సంచిలో, సంచి అటక మీద. గడ్డం గీసుకునే సరంజామా బిస్కెట్ల డబ్బాలో. ముందు గదిలో కుర్చీ మీద ఎప్పుడూ పడి ఉండే ఆయన పాత స్వెట్టరు బకెట్లో, బకెట్టు బాల్కనీలో. బల్ల మీది కళ్ళద్దాలు, విప్పి పెట్టిన రేడియో, సగం చదివిన పేపర్లు, అన్నీ మాయం. గోడకి తగిలించిన క్యాలెండరు వంకరగా ఉందని అదీ తీసేసింది. రెండు టూత్‌బ్రష్షులు అరుగుదల పట్టి చూడ్డానికి బాలేవని దాచేసి, గ్లాసు బోర్లించి పెట్టింది. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని ముడతలు చూసుకుంది.

పొద్దున్నే పనికి వెళ్ళాల్సిన ఆయన పాట్లు పగవాడికి కూడా వద్దు. గడ్డం గీసుకోవాలంటే బిస్కెట్ల డబ్బా వెతకాలి, అదీ నిన్న పెట్టిన చోట ఉండదు. మంగళవారం ఒక కాలికి ఒక రంగు, ఇంకో కాలికి ఇంకో రంగు మేజోడు వేసుకుని వెళ్ళాడు.

"మామూలుగా ఉండనివ్వచ్చు కదా," అన్నాడు బుధవారం, కళ్ళద్దాలు దొరక్క పేపరుని మొహానికి ఆనించుకుని.

"ఒక్క వారం ఓపిక పట్టు. ఆ తర్వాత నీ ఇష్టం, ఇల్లంతా బూట్లు పరుచుకో."

ఆయన ఓపిక పట్టాడు. ఆయనకి ఉన్నదే అది.

తనిఖీ ఆవిడ గురువారం మధ్యాహ్నం వచ్చింది. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. నడివయసు మనిషి, మర్యాదస్థురాలు. గుమ్మంలోనే కోటు విప్పి, ఎక్కడ తగిలించాలా అని చూసింది. కొక్కేలకి ఏమీ లేవు, కొక్కేలు కూడా తుడిచి మెరుస్తున్నాయి. ముందు గదిలో కూర్చోబోయి, దిండ్లు నలుగుతాయేమోనని అంచున కూర్చుంది. పుల్లమ్మ కొత్త కప్పులో టీ తెచ్చింది. ఆవిడ మొహంలో మెచ్చుకోలు కోసం చూసింది. ఆవిడ మాత్రం గోడలు చూస్తోంది.

"మీరిక్కడే ఉంటున్నారా?" అంది.

"మేమిద్దరమే అండి, ఇంకెవరూ లేరు."

"ఇద్దరూనా," అంది ఆవిడ, ఏదో రాసుకుంటూ.

స్నానాలగది చూసింది. తువ్వాళ్ళు హోటల్లోలాగా మూడు మడతలు వేసి ఉన్నాయి. సబ్బు మీద కాగితం కూడా ఊడలేదు. టాయిలెట్ కాగితం కొసని పుల్లమ్మ చేతి అలవాటు కొద్దీ త్రికోణంగా మడిచింది. ఆవిడ ఆ త్రికోణం దగ్గర చాలాసేపు ఆగింది. వంటింట్లో పొయ్యి షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టు ఉంది. ఆవిడ అడుగడుక్కీ రాసుకుంటుంటే, ఆ రాసుకోవడమే మార్కులు వెయ్యడం అనుకుని పుల్లమ్మ లోపల్లోపల పొంగిపోతోంది.

"మీ దువ్వెన ఎక్కడుంటుంది?" అని ఆయన్ని అడిగింది తనిఖీ ఆవిడ.

ఆయన తన బట్టతల తడుముకున్నాడు. "నాకు దువ్వెన లేదండి."

"పోనీ, గడ్డం గీసుకునేది?"

ఆయన పుల్లమ్మ వైపు చూశాడు. ఆ రోజు డబ్బా ఎక్కడుందో పాపం ఆయనకి నిజంగానే తెలియదు. "ఆమెని అడగాలి," అన్నాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, అప్పుడు గాని పుల్లమ్మకి తెలిసి రాలేదు. పరిగెత్తి బిస్కెట్ల డబ్బా తెచ్చింది, అటక మీంచి సంచి లాగి బూట్లు తీసింది, బాల్కనీలోంచి స్వెట్టరున్న బకెట్టు తెచ్చి ముందు గది నడిమధ్యలో పెట్టింది. "ఇవన్నీ ఆయనవేనండి. మీరొస్తున్నారనే సర్దాను. మా ఇళ్ళల్లో అంతే, ఎవరైనా వస్తుంటే కనపడకుండా పెడతాం."

తనిఖీ ఆవిడ బకెట్టు లోకి చూసి తలూపింది. నమ్మినట్టే ఉంది. "సరే, ఆయన సామాన్లు చూశాను," అంది. "ఆయన ఫ్లాటు, ఆయన సామాన్లు ఉంటాయి. మరి మీవి?"

పుల్లమ్మ బదులు ఆయనే చెప్పాడు, కాస్త గర్వంగా కూడా. "పడకగదిలో. బీరువాలో ఎడమవైపు ఆమెది. నేనే చేశాను."

తలుపు కూడా ఆయనే తీశాడు. తియ్యగానే లోపల దీపం వెలిగింది. పరిచిన కాగితం పరిచినట్టే ఉంది. హోటల్ యూనిఫాం ఒక్కటి హ్యాంగరుకి వేలాడుతోంది. అంతకు మించి ఆ అరలో ఏమీ లేదు.

ఆయన ఆ దీపం వంక చూస్తూ నిలబడ్డాడు.

"మంచం కింద ఉన్నాయండి," అంది పుల్లమ్మ మెల్లగా. వంగి పెట్టె బయటికి లాగింది. ఊరినుంచి వచ్చినప్పుడు తెచ్చుకున్న పెట్టె. చీరలు, చొక్కాలు, చలికోట్లు, దువ్వెన, కాటుక, మందులు, అన్నీ ఒద్దికగా దొంతర్లు పేర్చి ఉన్నాయి. అది మాత్రం తనిఖీ కోసం సర్దింది కాదు. ఏడాదిగా అలాగే ఉంది. కావాల్సింది తీసుకోవడం, ఉతకడం, మడిచి మళ్ళీ అందులోనే పెట్టడం.

"ఎందుకలా?" అని అడిగింది తనిఖీ ఆవిడ. గొంతులో దబాయింపు లేదు.

పుల్లమ్మ చెప్పింది. పనివాళ్ళ బసలో పక్క మంచం పిల్లకి అనుమతి ఆగిపోయింది. పొద్దున మాట చెప్పారు, సాయంత్రానికి కారెక్కించారు. ఆ పిల్ల బట్టలు ఇంకా దండెం మీద ఆరుతున్నాయి. తల్లి ఫొటో గోడకే ఉండిపోయింది. మిగిలినవి మిగిలినవాళ్ళు పంచుకున్నారు. ఆ పిల్ల చలికోటు వేసుకుని ఇంకో పిల్ల తిరుగుతుంటే పుల్లమ్మ చూడలేకపోయింది. "అప్పట్నుంచి నావి బయట పెట్టలేదండి. పొమ్మంటే పోవడానికి వీలుగా ఉంటుందని."

"ఒకవేళ ఇప్పుడూ రాదనుకోండి. ఏం చేస్తారు?"

ఇస్త్రీ ఆవిడ నేర్పిన జవాబు నాలుక చివరే ఉంది. కానీ పెట్టె నేల మీద నోరు తెరుచుకుని ఉండగా, ఆ మాట ఏ మొహం పెట్టుకుని అంటుంది? "వెళ్ళిపోతానండి," అంది.

"మీ ఆయన?"

"ఆయనకేం, ఇక్కడ ఉద్యోగం ఉంది, ఇల్లుంది. ఆయన బాగానే ఉంటారు."

తనిఖీ ఆవిడ రాయడం ఆపి ఆయన వైపు చూసింది. ఆయన బీరువా తలుపు మూశాడు. దీపం ఆరిపోయింది. ముందు గదిలోకి వెళ్ళి, బకెట్లోంచి స్వెట్టరు తీసి వేసుకుని, పని ఉందని చెప్పి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఆయన అరవలేదు, అలగలేదు, అన్నం మానలేదు. అలాంటిదేదైనా చేసుంటే పుల్లమ్మకి తెలిసిన విద్యే, నాలుగు తిట్టి నాలుగు పడి సరిపెట్టుకునేది. ఆయన మర్యాదగా ఉండటం మొదలెట్టాడు. టీ తాగిన కప్పు తనే కడిగి బోర్లించేవాడు. బూట్లు తనే సంచిలో పెట్టేవాడు. కుర్చీ మీద స్వెట్టరు లేదు. నిద్ర లేవగానే తన వైపు దుప్పటి తనే లాగి సరిచేసేవాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి మనుషులున్న గది దొరికితే పుల్లమ్మ పండగ చేసుకునేది. ఇప్పుడా నున్నటి దుప్పటి చూస్తే ఆమెకి దుఃఖం వచ్చేది.

ఒక రోజు ఉండబట్టలేక అడిగింది. "కోపమా?"

"కోపం కాదు," అన్నాడు. "పోతే పోతానన్నావు. నాకెప్పుడూ చెప్పలేదు."

"నీకెందుకు బాధ అని."

"పైగా నేను బాగానే ఉంటానని ఆవిడతో చెప్పావు."

నిజం చెప్పాలంటే, తను వెళ్ళాక ఆయన ఎలా ఉంటాడన్నది ఆమె ఎప్పుడూ అంతదూరం ఆలోచించలేదు. తనకి తగిలే దెబ్బకి ముందే గట్టిపడి కూర్చుంది, పక్కవాడికి తగిలేది చూసుకోలేదు. ఇన్నాళ్ళూ అనుమతి రాకపోతే ఎలా అని భయం. ఇప్పుడు వచ్చి మాత్రం ఏం లాభం అని ఇంకో భయం, మొదటిదాన్ని మించినది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆయన అప్పుడప్పుడు పని ఉందంటూ మంచి చొక్కా వేసుకుని పొద్దున్నే వెళ్ళడం మొదలెట్టాడు. లిఫ్టు గుంటల్లోకి దిగేవాడికి ఇస్త్రీ చొక్కా ఎందుకు? ఎక్కడికి అని అడిగితే, "చిన్న పని" అనేవాడు. పుల్లమ్మ ఇస్త్రీ ఆవిడతో చెప్పుకుంది. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "మా రెండో ఆయన కూడా విడాకుల ముందు మంచి చొక్కాలే వేసుకున్నాడు," అంది. ధైర్యం చెప్పమని వెళ్తే ఆవిడ ఇచ్చిన ధైర్యం అది. అక్కకి చెబుదామని ఫోన్ తీసి, ఏమని చెప్పాలో తెలియక, తిన్నానని మాత్రం చెప్పి పెట్టేసింది.

హోటల్లో ఆఖరి వారంలో ఉండగా ఆఫీసునుంచి ఫోన్ వచ్చింది. పుల్లమ్మ చేతిలో దిండు గలీబు ఉంది. అనుమతి మంజూరైంది, వచ్చి కార్డు తీసుకెళ్ళండి అని ఎవరో గుమాస్తా చదివినట్టు చెప్పాడు. ఎందుకు ఇచ్చారో చెప్పలేదు. ఇవ్వకపోతే కారణం చెప్తారు గానీ, ఇస్తే ఎవరు చెప్తారు. పుల్లమ్మ గలీబు ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పరాయివాళ్ళ మంచం మీద, పనివాళ్ళు కూర్చోకూడని చోట, కూలబడిపోయింది. సంతోషం వస్తుందేమోనని చూసింది. రాలేదు. ముందు ఆయనకి చెప్పాలి, ఆయన మొహం చూడాలి, అప్పుడు గాని తెలియదు సంతోషించాలో లేదో.

సాయంత్రం ఆయన వచ్చాడు. మంచి చొక్కాలోనే ఉన్నాడు.

"వచ్చింది," అంది పుల్లమ్మ గుమ్మంలోనే. "ఉండొచ్చన్నారు."

ఆయన కుర్చీలో కూర్చుని, ఒక బూటు విప్పాడు, రెండోది విప్పాడు, రెండూ గది మధ్యలో వదిలేశాడు. మొహం చూస్తే సంతోషమో, ఇంకేదో తేల్చడం కష్టంగా ఉంది.

"అయితే వాళ్ళకి వద్దని చెప్పాలి," అన్నాడు.

"ఎవరికి?"

"మీవాళ్ళకి. ఇక్కడ మీ దేశం ఆఫీసు ఉందిగా, అక్కడ."

పుల్లమ్మకి అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా, తను ఏదో తప్పు చేసినట్టు చెప్పుకొచ్చాడు. అనుమతి రాకపోతే ఆమె వెళ్ళిపోతుంది కదా. వెనకాల తను కూడా వెళ్ళాలంటే ఏం కావాలో కనుక్కుందామని మొదట వెళ్ళాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ దేశం దాటలేదు, అసలు పాస్‌పోర్టే లేదు. ముందు అది తీసుకోమన్నారు. తీసుకున్నాడు. తర్వాత పెళ్ళి కాగితం అన్నారు, ఇచ్చాడు. ఇవాళ కౌంటరు కిటికీ దగ్గర కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు.

"ఏమని అడిగారు?" అంది పుల్లమ్మ.

"అక్కడ ఏం చేస్తారన్నారు. అక్కడా లిఫ్టులుంటాయి కదా అన్నాను. ఎవరింట్లో దిగుతారన్నారు. ఆమె ఎక్కడ దిగితే అక్కడ అన్నాను. ఆమెది ఏ వీధి, ఇంట్లో ఎవరెవరుంటారు అన్నారు. నాకు తెలియలేదు. అక్క ఉంటుందని చెప్పాను, ఆవిడ ఫోన్లో గట్టిగా మాట్లాడుతుందని చెప్పాను. అది సరిపోదన్నారు." ఆయన మేజోళ్ళ వంక చూసుకున్నాడు. "మీరు వస్తున్నట్టు మీ ఆవిడకి తెలుసా అని కిటికీ దగ్గరాయన అడిగాడు."

"ఏమన్నావు?"

"తెలియదన్నాను. మా ఆవిడ వెళ్తున్నట్టు నాకూ చెప్పలేదు, అందుకే నేనూ చెప్పలేదన్నాను."

పుల్లమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఇస్త్రీ ఆవిడ ఎంత నేర్పినా రాని ఏడుపు ఇప్పుడు ఎవరూ అడక్కుండానే వచ్చింది. ఏడాది పాటు ఎన్ని రకాలుగా వెళ్ళిపోవాలో ఊహించుకుంది. ఉన్నట్టుండి పొమ్మంటే, ఒక రోజు గడువిస్తే, పోలీసులొస్తే. అన్నిట్లోనూ విమానంలో పక్క సీట్లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషే ఉన్నాడు. ఈయన కూర్చుంటాడని ఒక్కసారైనా తట్టలేదు. ఆ మాట ఏడుస్తూనే ఆయనకి చెప్పింది. తనకి సిగ్గుగా ఉందని కూడా చెప్పింది.

ఆయన కుర్చీ దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏడవద్దని అనలేదు.

"ఆయన ఏమన్నాడు మరి?" అంది పుల్లమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "కిటికీ దగ్గరాయన."

"నవ్వాడు. ఇంకో కిటికీకి పంపించాడు. అక్కడ ఇంకో కాగితం తక్కువన్నారు. రేపు రమ్మన్నారు."

"రేపు ఎన్నింటికి?"

"ఇంకెందుకు? నీకు ఇక్కడ వచ్చేసిందిగా. నేనే వెళ్ళి వద్దని చెప్పొస్తాను."

"వద్దని చెప్పకు. అక్కని చూడ్డానికైనా ఇద్దరం వెళ్దాం," అంది పుల్లమ్మ. "నేనూ వస్తాను. నాకు తెలుసా అని అడిగాడు కదా. తెలుసని నేనే చెప్తాను."